స్టీరింగు మీద రెండో చెయ్యి

మా అత్తగారు ముప్పై రెండేళ్ళు కోర్టులో టైపిస్టుగా పనిచేశారు. సాక్షులు చెప్పిందీ, లాయర్లు అడిగిందీ, జడ్జీలు రాయించిందీ అంతా ఆవిడ వేళ్ళ కిందనుంచే కాగితం మీదికి వెళ్ళింది. ఒక్క కామా కూడా జారిపోనివ్వరని లాయర్లు చాటుగా 'కామాగారు' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవారు కూడా.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఆ లెక్కన మా ఇంట్లో ఉత్తమురాలూ లేదు, గుణవంతురాలూ లేదు. ఎనిమిదేళ్ళుగా ఒకే వంటింట్లో సర్దుకుపోతున్నాం, అంతే. నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను. పొద్దున్నే వెళ్ళే హడావిడిలో కాఫీ గ్లాసు ఎక్కడ పడితే అక్కడ పెడతాను. ఆవిడ దాన్ని తీసి, కడిగి, ఏమీ అనకుండా నాకు కనిపించేలా బోర్లిస్తారు. ఆ ఏమీ అనకపోవడమే నాకు పది మాటల పెట్టు.

ఆవిడకు స్నేహితురాలంటే ఒక్కరే. ఊళ్ళో అందరూ ఆమెను స్టీరింగక్క అంటారు. ఆడవాళ్ళకు కారు నేర్పే బడి ఆమెది. బడంటే ఒక గది, గోడకు రోడ్డు గుర్తుల పటం, బయట మట్టి ఆవరణలో వరసగా నిలబెట్టిన పాత టైర్లు, ఒకే ఒక్క కారు. ఆ కారులో పక్క సీటు కింద కూడా బ్రేకూ క్లచ్చూ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు తడబడితే నేర్పేవాళ్ళు తొక్కడానికి. ఇరవై ఆరేళ్ళలో అక్క చేతిలో ఏ బండికీ గీత పడలేదు. ఈ మాట అడిగినా చెప్పేది, అడక్కపోయినా చెప్పేది.

అరవై ఏళ్ళ మా అత్తగారిని 'పిల్లా' అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే. వయసులో రెండేళ్ళు పెద్ద. నేనూ ఆ బడిలోనే నేర్చుకుంటున్నాను కాబట్టి మిగతా అందరిలాగే 'అక్కా' అనేదాన్ని. అత్తాకోడళ్ళం ఇద్దరం ఒకే మనిషిని అక్కా అని పిలుస్తుంటే వరసలు ఎలా కలుస్తాయని మా ఆయన నవ్వేవారు.

నేను ఆరో పాఠంలో ఉండగా ఆ ప్రమాదం జరిగింది. పొద్దున పదిన్నర. కర్టెన్ గుడ్డ కొలత తక్కువ కోశాడని దుకాణంలో మార్చుకు రావడానికి ఇద్దరూ బయల్దేరారు. అక్క నడుపుతోంది, అత్తగారు పక్క సీట్లో ఉన్నారు. మందుల దుకాణం దగ్గర మలుపు తిరిగితే రోడ్డు పల్లానికి దిగుతుంది. ఒక పక్క కలప అడితి రాతి గోడ. పల్లం చివర బస్‌స్టాప్. పావుగంట తర్వాత నాకు ఫోను వచ్చింది, కారు గోడకు రాసుకుని ఆగిందని, ఇద్దరూ బతికే ఉన్నారని.

నేను వెళ్ళేసరికి కారు ముందు భాగం అడితి మెట్టు మీదికి ఎక్కి ఉంది. ఒక వైపు అద్దం లేదు, దీపం పగిలింది, రెండు తలుపులూ గోడకు గీరుకుని లోపలికి నొక్కుకుపోయాయి. రేడియేటర్‌లోంచి నీళ్ళు కారి మట్టి తడిసింది. అక్క కారు చుట్టూ తిరుగుతూ చేత్తో తడుముతోంది, దెబ్బ తగిలిన పసిపాపను తడిమినట్టు. చుట్టూ చేరినవాళ్ళు అడిగితే చెబుతోంది, బాగానే వెళ్తున్నామనీ, పక్కనున్న మనిషి భయపడి ఉన్నట్టుండి స్టీరింగు లాగేసిందనీ. అత్తగారు వాచిన మణికట్టు పట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒక్క మాట కాదనలేదు. నలుగురిలో అనాల్సిన మాట కాదని తర్వాత నాతో అన్నారు.

ఇంటికి వచ్చాక మంచమెక్కుతారనుకున్నాను. ఎక్కలేదు. టైపు మిషను ముందు కూర్చున్నారు. కుడి మణికట్టు నిమ్మకాయంత ఉబ్బింది. మీరు చెప్పండి, నేను కొడతానన్నాను.

"చూసింది నేను. కొట్టాల్సింది నేనే," అన్నారు.

ఎడమ చేత్తో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గంటన్నర కొట్టారు. ఒక పేజీ అయింది. ముప్పై రెండేళ్ళ తర్వాత మొదటిసారిగా తన సొంత మాటలు.

ఆ పేజీలో 'అనుకున్నాను' అన్న మాట ఒక్కటీ లేదు. మందుల దుకాణం మలుపు దాటగానే అక్క మాట మధ్యలో ఆగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. ఏదో నములుతున్నట్టు పెదవులు కదిలాయి. ఎడమ చేతి వేళ్ళు మెడ దగ్గరి గుండీని పదే పదే తిప్పాయి. మొదటి స్పీడ్ బ్రేకర్ మీద కారు వేగం తగ్గకుండా ఎగిరింది, అత్తగారి తల పైకప్పుకు తగిలింది. 'అక్కా' అని రెండుసార్లు పిలిచారు, జవాబు లేదు. రెండో స్పీడ్ బ్రేకర్ మీదా అంతే. అక్క కుడి పాదం యాక్సిలరేటర్ మీద బిగుసుకుపోయి ఉంది. కింద బస్సు ఆగింది, జనం దిగుతున్నారు. అత్తగారు తన వైపున్న బ్రేకును రెండు కాళ్ళతో తొక్కి, స్టీరింగును గోడ వైపు లాగారు. కారు ఆగిన కాసేపటికి అక్క కళ్ళు తిప్పి చూసి, 'ఏం చేశావే పిల్లా' అని అడిగింది. ఆ పేజీ అక్కడితో అయిపోయింది. కింద తేదీ, టైము, సంతకం.

మర్నాడు పొద్దున అత్తగారు ఆ కాగితం తీసుకుని అక్క ఇంటికి వెళ్ళారు. నీకేదో అయింది, డాక్టరుకు చూపించుకుందాం రా అన్నారు. అక్క నవ్వేసింది. నీకు భయమేసింది, వేస్తుంది, దానికి నా మీద జబ్బు రుద్దక్కర్లేదు అంది. రెండోసారి వెళ్ళినప్పుడు అక్క తమ్ముడు కూడా ఉన్నాడు. అతను తిన్నగా మాట్లాడే మనిషే, కానీ అక్కంటే ప్రాణం. తప్పు ఎవరికైనా జరుగుతుంది గానీ, తప్పించుకోవడానికి ఎదుటివాళ్ళను రోగిష్టులను చేయకూడదు అన్నాడు. అక్క కాగితాన్ని ముట్టుకోలేదు. ఇరవై ఆరేళ్ళు నడిపినదాన్ని, నాకు తెలియకుండా నాకు ఏదో అవుతుందా అని ఒక్క మాట అని, లోపలికి వెళ్ళిపోయింది.

అక్క అబద్ధం చెప్పలేదు. ఆమెకు తెలిసింది అదే. బాగా వెళ్తున్న కారు కళ్ళు మూసి తెరిచేలోగా గోడ మీద ఉంది, స్టీరింగు మీద స్నేహితురాలి చెయ్యి ఉంది. మధ్యలో ఏం జరిగిందో ఆమె జ్ఞాపకంలో లేదు. ఆ చెప్పిందే ఇన్సూరెన్సు కాగితంలోనూ రాసింది. కంపెనీవాళ్ళు రెండు వారాలకు జవాబు పంపారు. ఆ సమయంలో బ్రేకూ స్టీరింగూ లైసెన్సు లేని మనిషి చేతిలో ఉన్నాయి కాబట్టి మేం ఇవ్వం, కావాలంటే ఆ మనిషి దగ్గరే రాబట్టుకోండి అని. దాంతో కారు షెడ్డులోనే ఉండిపోయింది. బడి మూతపడింది. నెల తిరక్కుండా, కారు ఖర్చు ఇమ్మని అక్క దావా వేసిందంటూ మా ఇంటికి కోర్టు నోటీసు వచ్చింది.

నోటీసులో మా అత్తగారు 'పిల్ల' కాదు, 'ప్రతివాది'. ఆ మాటను ఆవిడ వేలసార్లు కొట్టి ఉంటారు. తన పేరు పక్కన చూడటం అదే మొదలు. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, రెండో పేజీలో ఒక వాక్యానికి క్రియ లేదన్నారు.

మా ఆయన తల్లి ముందు కూర్చుని నెమ్మదిగా చెప్పారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు, బాగుచేయించడానికి ఎంతవుతుందో అంత ఇచ్చేద్దాం, ముప్పై ఏళ్ళ స్నేహం మిగులుతుంది అని. నాకూ అదే సబబనిపించింది. కోర్టంటే మాటలా? అత్తగారు కొడుకు చెప్పిందంతా విని, కిటికీ వైపు చూస్తూ జవాబిచ్చారు.

"ఇచ్చేస్తే నేను ఊరికే లాగినట్టు. నేను ఊరికే లాగితే అక్క బాగున్నట్టు. బాగుంటే కారు బాగై రేపు రోడ్డెక్కుతుంది. పక్కన నీ పెళ్ళాం కూర్చుంటుంది."

మా ఆయన నోటీసు మడిచి కవరులో పెట్టేశారు. నాకు మాత్రం అప్పటిదాకా తట్టని సంగతి తట్టింది. కారు షెడ్డులో ఉన్నంతకాలమే ఎవరికీ ఏమీ కాదు. ఆవిడ నిలబడి కాపలా కాస్తున్నది ఆ షెడ్డు తలుపు దగ్గర.

కానీ ఊరికి అది ఎలా తెలుస్తుంది? స్నేహితురాలి నోటి దగ్గర ముద్ద లాగేసిందన్నారు. కోర్టులో పనిచేసిన మనిషి కదా, లిటిగేషను ఒంటపట్టిందన్నారు. మా దుకాణానికి కళ్ళజోడు కోసం వచ్చినావిడ, నేను ఫ్రేము సరిచేస్తుండగా, మీ అత్తగారికి గుండె ఉందా అని నన్నే అడిగింది. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పకూడదనుకున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదు, చెప్పేశాను. ఆవిడ చిక్కుడుకాయలు తుంపుతూ, అడిగిందాంట్లో తప్పేముంది, నేను కూడా అదే అడుగుదును అన్నారు. ఆ నెలల్లో ఆవిడ పొద్దుటి నడక దారి మార్చుకున్నారు, ఆ బడి వీధిలోంచి కాకుండా చుట్టూ తిరిగి. మూసి ఉన్న గది చూడలేకే అలా అని నాకు తెలుసు.

లాయరును పెట్టుకుందామంటే వద్దన్నారు. కాగితాలన్నీ తనే తయారు చేసుకున్నారు. నాకు ధైర్యం చాలక ఒకరోజు అడిగేశాను, డాక్టరు కాగితం లేదు, మరో సాక్షి లేడు, మీ మాట ఒక్కటే, ఎలా గెలుస్తారు అని.

"గెలవడానికి కాదు వెళ్ళేది," అన్నారు. "ఇంట్లో అడిగితే అక్క నామీద కోపంతో జవాబు చెప్తుంది. అక్కడ ప్రమాణం చేసి చెప్తుంది. ప్రమాణం చేశాక అక్క తనకు తెలియనిది తెలుసని చెప్పదు. నాకు తెలుసు ఆవిడ."

కేసు వేసిన మనిషి మీద అంత నమ్మకం పెట్టుకున్న ప్రతివాదిని ఆ కోర్టు చూసి ఉండదు.

వాయిదా రోజున నేను దుకాణానికి సెలవు పెట్టి వెంట వెళ్ళాను. చిన్న హాలు, పైన నెమ్మదిగా తిరిగే ఫ్యాను, గోడవారన కట్టలు కట్టలుగా కేసు కాగితాలు. జడ్జి నడివయసు ఆవిడ. అత్తగారు పనిచేసింది వేరే కోర్టులో కాబట్టి ముఖపరిచయం లేదు. లాయరు లేడా అని జడ్జి అడిగితే, లేడండి, అవసరమైతే నేనే మాట్లాడతాను అన్నారు. అక్క ఆవలి వరసలో తమ్ముడి పక్కన కూర్చుంది. చిక్కిపోయింది. మా వైపు చూడలేదు.

జడ్జి ముందుగా రాజీ మాట ఎత్తారు. ఇద్దరూ ముప్పై ఏళ్ళ స్నేహితులు, ఖర్చు చెరి సగం పెట్టుకుని ఇంటికి వెళ్ళకూడదా అని. అక్క తరఫు లాయరు వెంటనే సరేనన్నాడు. తమ్ముడు తలాడించాడు. అక్క తల దించుకుంది గానీ కాదనలేదు. హాలంతా మా అత్తగారి వైపు తిరిగింది. ఒప్పుకోండి, ఒప్పుకోండి అని నేను లోపల జపం చేస్తున్నాను.

"వద్దండి," అన్నారు అత్తగారు. "నాది సగం తప్పంటే, ఆవిడకు సగం బాగుందని అర్థం. డ్రైవింగుకు సగం సరిపోదండి."

జడ్జి రాజీ మాట పక్కన పెట్టారు. తర్వాత సాక్ష్యం మొదలుపెట్టమన్నారు.

అక్క బోనెక్కి ప్రమాణం చేసింది. తన లాయరు అడిగినదానికి ముందు చెప్పినట్టే చెప్పింది, ఒక్క మాట పెంచలేదు, తగ్గించలేదు. తర్వాత అత్తగారు లేచారు. చేతిలో కాగితం లేదు. ఆ టైపు చేసిన పేజీ అప్పటికే కోర్టు ఫైలులో ఉంది, దాన్ని ఆవిడ తెరవమనలేదు.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి అక్కను 'మీరు' అన్నారు. ఇంటి దగ్గర బయల్దేరినప్పటినుంచి మందుల దుకాణం దాకా దారి ఎలా వచ్చారో చెప్పమన్నారు. అక్క ముఖంలోకి వెలుగు వచ్చింది. ఆమెకు ఇష్టమైన పాఠం అది. గేటు దాటాక ఏ గేరులో ఉందో, బడి సందు దగ్గర తోపుడు బండి ఎటు నిలబడి ఉందో, నీలం గొడుగు మనిషి రోడ్డు దాటడానికి అడుగేసి వెనక్కి తీసుకోవడం, తను హారను కొట్టకుండా ఆగడం, మలుపు దగ్గర అద్దంలో కనిపించిన ఖాళీ సైకిలు రిక్షా. ఆర్నెల్ల నాటి పది నిమిషాల దారిని అరచేతిలో పెట్టి చూపించినట్టు చెప్పింది. జడ్జి కూడా ముందుకు వంగి విన్నారు. కేసు ఎటు పోయినా ఈమె డ్రైవరంటే డ్రైవరు అనిపించింది నాకు.

"మలుపు తర్వాత పల్లం వస్తుంది. నేర్చుకునేవాళ్ళకు ఆ పల్లం గురించి ఏం చెప్తారు?" అని అడిగారు అత్తగారు.

మూడు స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయని చెబుతానంది అక్క. ఒక్కోదానికీ ముందే గేరు తగ్గించాలని, ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టమంటానని. అది నిజమే, నాతోనూ లెక్కపెట్టించింది.

"ఆ రోజు మొదటిదాని దగ్గర ఏ గేరులో ఉన్నారు?"

అక్క నోరు తెరిచింది. జవాబు నాలుక చివర ఉన్నట్టే ఉంది. ఆమె ఎడమ చెయ్యి తనంతట తాను బోను కర్ర మీద గేరు మార్చినట్టు కదిలి, సగంలో ఆగింది. మళ్ళీ మొదటికి వెళ్ళి కదిలింది. మళ్ళీ అక్కడే ఆగింది. లాయరు లేచి, ఇన్ని నెలల తర్వాత గేరు ఎవరికి గుర్తుంటుందన్నాడు. నీలం గొడుగు గుర్తుంది కదా, చెప్పనివ్వండి అన్నారు జడ్జి.

"రెండోదాని దగ్గర?" అన్నారు అత్తగారు. ఈసారి గొంతు తగ్గింది.

అక్క కళ్ళు దూరంగా ఏదో వెతుక్కుంటున్నాయి. ఆ రోడ్డు మీదే వెతుక్కుంటున్నాయని నాకు అర్థమైంది. మలుపు దాకా వస్తోంది, అక్కడినుంచి దారి దొరకడం లేదు.

"లేదు పిల్లా," అంది చివరికి. "గుర్తులేదు. మూడూ గుర్తులేవు."

టైపు చేస్తున్న అమ్మాయి 'పిల్లా' దగ్గర ఆగి, జడ్జి వైపు చూసింది. జడ్జి ఏమనాలో ఆలోచించేలోగా అత్తగారు, అలవాటు కొద్దీ కాబోలు, "అన్నది అన్నట్టే కొట్టమ్మా," అన్నారు. జడ్జి నవ్వాపుకుని, కొట్టమన్నట్టు తలూపారు.

ఇంకేమైనా అడుగుతారా అంటే, ఏమీ లేదండి అని అత్తగారు కూర్చున్నారు. నేను ఆశ్చర్యపోయాను. ఆ పేజీ ఉంది, నమిలిన పెదవులు ఉన్నాయి, తిప్పిన గుండీ ఉంది. తర్వాత అడిగితే చెప్పారు, ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగి కేసు పాడుచేసుకున్న లాయర్లను ముప్పై రెండేళ్ళు టైపు చేశానని. అది ఒక కారణం. ఇంకో కారణం చెప్పలేదు గానీ నాకు తెలుసు. నలుగురి ముందు అక్క తన నోటితో చెప్పుకోవాలి తప్ప, ఎవరూ ఆమె మీద చెప్పకూడదు.

అక్క బోను దిగలేదు. జడ్జి వైపు తిరిగింది. తమ్ముడు లేచి ఏదో అనబోతే చేత్తో ఆపింది.

"అమ్మా, ఇరవై ఆరేళ్ళలో నేను చూడకుండా దాటిన స్పీడ్ బ్రేకర్ లేదు," అంది. "చూడలేదంటే అప్పుడు నేను అక్కడ లేను. రాసుకోండి."

కేసు వెనక్కి తీసుకుంటారా అని జడ్జి అడిగారు. అక్క వద్దంది. వెనక్కి తీసుకుంటే ఊరు రాజీ అనుకుంటుంది, ఆవిడ తప్పు లేదని కోర్టు కాగితం మీదే ఉండాలి అంది. ఓడిపోబోతున్న మనిషి నిటారుగా నిలబడి, తన మీద తీర్పు రాయమని అడుగుతోంది. ఎవరిని చూసి గర్వపడాలో నాకు తెలియలేదు. ఇటు చూశాను, అటు చూశాను. మా అత్తగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. నేను తుడిచి ఇస్తానంటే, అద్దాలు శుభ్రంగానే ఉన్నాయిలే అన్నారు.

తీర్పు మూడు వారాలకు వచ్చింది. పక్కన కూర్చున్నంత మాత్రాన ప్రయాణికులు బండికి బాధ్యులు కారని మొదలుపెట్టారు జడ్జి. కారణం లేకుండా స్టీరింగు మీద చెయ్యి వేస్తే మాత్రం, స్నేహితులైనా, లైసెన్సు ఉన్నా లేకపోయినా, ఆ నష్టానికి జవాబు చెప్పాల్సిందే. అయితే నడిపే మనిషి నడపలేని స్థితిలో ఉండి, ఎదురుగా మనుషుల ప్రాణాలు ఉన్నప్పుడు, ఆ రెండు క్షణాల్లో చేసిన పనిని తీరిగ్గా కూర్చుని త్రాసులో తూచకూడదు. గోడను ఎంచుకోవడం తప్పు కాదు, అక్కడ ఎంచుకోవడానికి ఉన్నవాటిలో అదే మేలైనది. దావా కొట్టివేయడమైనది. అదే తీర్పు పట్టుకెళ్ళి అక్క తమ్ముడు ఇన్సూరెన్సువాళ్ళతో నాలుగు నెలలు పోరాడాడు. చివరికి కంపెనీ దిగివచ్చింది.

అంతకుముందే, సాక్ష్యం చెప్పిన రోజు సాయంత్రమే, కోర్టు మెట్ల దగ్గర అక్క మా కోసం ఆగింది. నరాల డాక్టరు ఎవరో కనుక్కున్నావా అని అడిగింది. ఆర్నెల్ల కిందటే కనుక్కున్నానన్నారు అత్తగారు. ఆ తర్వాత ఇద్దరూ బస్సులో పక్కపక్కన కూర్చున్నారు, అంతే.

ఆసుపత్రికి నేనూ వెళ్ళాను. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, అక్కను ఎన్నో అడిగారు. అక్క దగ్గర జవాబులు లేవు, ఆమె అక్కడ లేదు కదా. అప్పుడు అత్తగారు ఆ పేజీ నకలు తీసి బల్ల మీద పెట్టారు. డాక్టరు ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివారు. మూర్ఛల్లో ఒక రకం ఇది, కింద పడటం, కొట్టుకోవడం ఉండవు, కాసేపు మనిషి ఉండి లేనట్టవుతారు, వచ్చినట్టు వాళ్ళకే తెలియదు అన్నారు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఇంకెన్నిసార్లు వచ్చిందో ఎవరు చెప్పగలరు అన్నారు. తర్వాత పేజీ మీద వేలు పెట్టి, ఇది రాసింది ఏ ఆసుపత్రి నర్సు అని అడిగారు.

"నర్సు కాదండి. టైపిస్టు," అంది అక్క. అత్తగారు నోరు తెరిచేలోగా తనే చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కుర్చీలో కాస్త ముందుకు జరిగి కూర్చుంది.

మందులతో జబ్బు అదుపులోకి వచ్చింది. కానీ డ్రైవింగు వదిలేయాలన్నారు, కనీసం కొన్నేళ్ళు. అక్క తన లైసెన్సును తనే తీసుకెళ్ళి ఆఫీసులో అప్పగించింది. ఆ రోజు ఇంటికి వచ్చి తలుపేసుకుందని తమ్ముడు చెప్పాడు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అత్తగారు రోజూ వెళ్ళి గుమ్మం బయట కుర్చీ వేసుకుని దినపత్రిక చదువుకుని వచ్చేవారు. ఎనిమిదో రోజున తలుపు తెరుచుకుంది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, కర్టెన్ గుడ్డ ఇంకా మార్చలేదని తిట్టిందన్నారు.

అన్నీ మునుపటిలా అయిపోయాయని చెప్పను. తమ్ముడు ఈ రోజుకీ మమ్మల్ని చూస్తే ముక్తసరిగా తలాడించి వెళ్ళిపోతాడు. అక్క కూడా అప్పుడప్పుడు, కారు మాట వచ్చినప్పుడు, మాట మధ్యలో మా అత్తగారిని ఒక రకంగా చూస్తుంది. ఆ చూపులో కోపం ఉందో, మరేదైనా ఉందో నేను తేల్చుకోలేను. అత్తగారు ఆ చూపును అలాగే తీసుకుంటారు, తిప్పికొట్టరు.

బడి మళ్ళీ తెరిచారు. అక్క దగ్గర నేర్చుకున్న ఇద్దరు ఇప్పుడు కారులో పక్కన కూర్చుని నేర్పుతున్నారు. అక్క ఆవరణలో ఈల పట్టుకుని నిలబడి, టైర్ల మధ్య ఎవరు ఎంత వంకర తిప్పారో దూరంనుంచే పట్టేస్తుంది. నాకు మొదటి పరీక్షలోనే లైసెన్సు వచ్చింది. ఇంటి దగ్గర దిగేసరికి అత్తగారు వీధిలోకి వచ్చి నిలబడి ఉన్నారు, చేతిలో నేను పొద్దున వదిలేసిన కాఫీ గ్లాసుతో.

కొత్తగా చేరినవాళ్ళకు మొదటి పాఠం రోజున అక్క అత్తగారిని రమ్మంటుంది. ఈవిడ రానంటారు, అయినా ఆ రోజు వేరే పనేదీ పెట్టుకోరు. పోయిన నెల నేనూ వెళ్ళాను. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఆవరణలో నిలబడ్డారు. క్లచ్చు, బ్రేకు, అద్దాలు అన్నీ అయ్యాక అక్క వాళ్ళకు పక్క సీటు గురించి చెప్పింది. అక్కడ కూర్చున్నవాళ్ళు నిద్రపోకూడదు, ఊరికే స్టీరింగు ముట్టుకోకూడదు, నడిపేవాళ్ళ ముఖం మాత్రం చూస్తూ ఉండాలి అని. ఆ తర్వాత అటు టైరు మీద కూర్చున్న అత్తగారి వైపు ఈల చూపించింది.

"ఆవిడకు లైసెన్సు లేదు. స్టీరింగు పట్టుకుంది జన్మలో ఒక్కసారే," అంది. "నా బండి ఎక్కినవాళ్ళలో ఇప్పటిదాకా అంత బాగా నడిపినవాళ్ళు లేరు."

ఎనిమిది తలలూ అటు తిరిగాయి. అత్తగారు దినపత్రిక ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. చదువుతున్నట్టే ఉన్నారు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అక్క ఈల వేసి, ముందు వరసలోని అమ్మాయిని కారెక్కమంది.